పువ్వున్న ముక్క నాకే!

పుట్టినరోజు ఇంట్లో కేకు ఎంత సమంగా కోసినా గొడవ తప్పదు. ముక్క చిన్నదయిందని కాదు, "పువ్వున్న ముక్క నాకే" అని. మీ ఇంట్లోనూ ఈ పంచాయితీ నడిచే ఉంటుంది. తీరా ఆ పువ్వు దక్కించుకున్న పిల్లాడు ఒకసారి నాకి, మొహం అదోలా పెట్టి, మిగతాది ప్లేటు అంచుకి తోసెయ్యడమూ చూసే ఉంటారు. వెనకటి బేకరీ కేకుల మీద గులాబీరంగు పువ్వు, పచ్చటి ఆకు, పక్కన వెండి గుండ్లు! చూడ్డానికి ముచ్చటగానే ఉండేవి. నోట్లో పెట్టుకుంటే అంగిటికి జిడ్డు పట్టేసి, వేడి టీ పడితే గానీ వదిలేది కాదు. అదంతా వనస్పతి మహిమ. బేకరీవాళ్ళని అనేం లాభంలెండి, మన ఎండలు అలాంటివి.

వెన్న 20 డిగ్రీలు దాటిందంటే మెత్తబడుతుంది, 35 వచ్చేసరికి కరిగి కూర్చుంటుంది. మే నెలలో విజయవాడ వంటింట్లో వెన్నతో రేకు నిలబెట్టమంటే ఎవరి తరం? అందుకే ఇవాళ మన కూల్ కేకుల మీద ఉండేది చాలావరకు పాలమీగడ కాదు, మొక్కల నూనెలతో చేసిన విప్పింగ్ క్రీము. గడ్డకట్టిన డబ్బాని ఫ్రిజ్‌లోనే కరగనిచ్చి, ఆ చల్లదనం పోకముందే గిలక్కొడితే గిన్నె నిండా పొంగుతుంది. తేలిగ్గా, తెల్లగా బాగానే ఉంటుంది. పూలకీ పనికొస్తుంది. కానీ రేకు అంచు వెన్నతో వచ్చినంత పల్చగా రాదు. ఓ నిమిషం ఎక్కువ కొట్టారా, అంచులు చిరిగిపోతాయి.

నా ఓటు వెన్నకే. తినే పువ్వు అన్నాక రుచి ఉండొద్దూ! ఉత్త వెన్న, ఐసింగ్ షుగర్ కలిపి కొట్టే అమెరికన్ పద్ధతి సులువే, కాకపోతే తీపికి పళ్ళు జివ్వుమంటాయి. స్విస్ పద్ధతిలో కోడిగుడ్డు తెల్లసొన, పంచదార కలిపి మరిగే నీళ్ళగిన్నె మీద 71 డిగ్రీల దాకా వేడిచేస్తారు. గట్టి నురగయ్యేదాకా గిలక్కొట్టి, చల్లారాక వెన్న ముక్కలు ఒక్కొక్కటే వేస్తారు. మధ్యలో విరిగిపోయినట్టు కనిపిస్తుంది. కంగారుపడి పారబోయకండి. ఇంకాసేపు కొడితే అదే దారికొస్తుంది.

ఇక గులాబీ. గోరింటాకు కోనుకి అలవాటుపడ్డ చేతికి ఇదెంతలే అనిపిస్తుంది గానీ, గోరింటాకులో అరచెయ్యి కదలదు, కోను తిరుగుతుంది. ఇక్కడ కోను దాదాపు ఉన్నచోటే ఉంటుంది, పువ్వు తిరుగుతుంది. అంటే పనంతా ఎడమచేతిదే. వెడల్పాటి తల ఉన్న మేకుని ఆ చేత్తో పట్టుకుని, తల మీద చుక్క క్రీముతో బటర్ పేపర్ ముక్క అంటించాలి. కుడిచేతిలోని క్రీము బ్యాగుకి 104 నంబరు నాజిల్. దాని నోరు ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. వెడల్పు కొస కిందికి, సన్నం పైకి. ఇది తారుమారైతే గులాబీ కాదు, క్యాబేజీ వస్తుంది. ముందు మధ్యలో చిన్న దిమ్మ, దాని కొసకి ఒక చుట్టు, అదే మొగ్గ. మొగ్గ చుట్టూ 3 రేకులు, వాటి చుట్టూ 5, ఆపైన 7. వరస మారినప్పుడల్లా నాజిల్‌ని కాస్త బయటికి వాల్చాలి. రేకు విచ్చుకోవడమంటే ఆ వాలే. అన్నట్టు, ఈ నాజిల్ నంబర్ల సంగతి. 1929లో షికాగోలో డ్యూయీ మెకిన్లీ విల్టన్ మొదలుపెట్టిన కేకు అలంకరణ పాఠాల నుంచి విల్టన్ కంపెనీ పుట్టింది. ఇవాళ్టికీ ఇంట్లో కేకులు చేసేవాళ్ళు నాజిల్ నంబర్లు చాలావరకు ఆ కంపెనీ లెక్కలోనే చెప్పుకుంటారు.

బ్యాగు నిండా క్రీము కూరకండి. అరచేతి వేడికే లోపల వెన్న జారిపోతుంది. సగమే నింపుకుని, ఇంకో బ్యాగు ఫ్రిజ్‌లో ఉంచుకుంటే ఇది మెత్తబడగానే అది తీసుకోవచ్చు. రంగు విషయంలో తొందరపడకండి. బటర్‌క్రీములో రంగు గంటలు గడిచేకొద్దీ ముదురుతుంది. ఎరుపు కావాలని అప్పటికప్పుడు జెల్ కుమ్మరిస్తే చేదొస్తుంది. ముందురోజే కలిపిపెట్టుకోండి.

అసలు ప్రతి కేకు మీదా గులాబీయే ఎందుకో నాకు అంతుపట్టదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి చామంతి మేలు. అర్ధచంద్రాకారపు 81 నంబరు నాజిల్‌తో పొట్టి పొట్టి రేకులు నిలబెట్టుకుంటూ పోతే సరి. ఓ రేకు వంకరపోయినా పక్కది కప్పేస్తుంది. క్లాసుల్లో యాపిల్ పువ్వని నేర్పే అయిదు రేకుల పువ్వుని రంగు వెయ్యకుండా వదిలేస్తే మన పెరటి నందివర్ధనమే. తెల్లటి కేకు మీద కనిపించదంటారేమో, చాక్లెట్ కేకు మీద పెట్టి చూడండి!

పూలని కాగితంతో సహా ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, కేకు మీదికి ఎత్తిపెట్టుకోవచ్చు. వాటి మధ్య మిగిలిన సందుల్ని ఆకులతో మూసెయ్యండి. బేకరీవాళ్ళూ చేసేది అదే. ఇంకొక్క మాట. వెన్న పూలని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా ప్లేట్లో పెడితే గడ్డల్లా తగులుతాయి. చలికాలమైతే అరగంట ముందే బయట పెట్టండి. మే నెలలోనా? కొవ్వొత్తులు గుచ్చేపాటి టైము చాలు.