ఎర్ర లైటు వెలిగే దాకా... ఆ గొంతు ఎవరిదో తెలీదు!

డిసెంబరు 24. ఇంగ్లండులో మధ్యాహ్నం మూడు గంటలు. మన గడియారంలో రాత్రి ఎనిమిదిన్నర. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని కింగ్స్ కాలేజీ ప్రార్థనాలయం జనంతో నిండిపోయి ఉంటుంది. అయినా సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. పడమటి ద్వారం దగ్గర ఎర్రటి అంగీల మీద తెల్లటి పైవస్త్రాలు వేసుకుని పదహారు మంది పిల్లలు నిలబడి ఉంటారు. వారిలో ఒకరు ఏ వాద్యం తోడూ లేకుండా ఒంటరిగా తొలి చరణం అందుకోవాలి. ఆ ఒక్కరు ఎవరన్నది పిల్లలకూ తెలీదు. రేడియో ప్రసారానికి గుర్తుగా ఎర్ర లైటు వెలగబోయే ముందు సంగీత నిర్దేశకుడు ఒకరి వైపు సైగ చేస్తారు. అంతే! కంగారు పడటానిక్కూడా వ్యవధి ఉండదు. ఆ పద్ధతి పెట్టింది అందుకే.

రాయి కూడా పాడుతుంది
లండన్ నుంచి రైలెక్కితే గంటలోపే కేంబ్రిడ్జి. కామ్ నది ఒడ్డున, పచ్చిక మైదానం అంచున ఈ కట్టడం దూరం నుంచే కనిపిస్తుంది. ఆరో హెన్రీ 1446లో శంకుస్థాపన చేశాడు. సింహాసనం కోసం జరిగిన అంతర్యుద్ధాల్లో పనులు ఆగుతూ సాగుతూ, రాతి కట్టడం పూర్తయ్యేసరికి 1515 వచ్చింది. పొడవు 88 మీటర్లు, ఎత్తు 24 మీటర్లు. తలెత్తి చూస్తే పైకప్పంతా విప్పిన రాతి విసనకర్రలే. ఈ తరహా కప్పుల్లో ప్రపంచంలో ఇదే పెద్దది.

గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద వినిపించడం మనకు వింత. ఇక్కడి వింత మరోరకం. పాడటం ఆపినా స్వరం కొన్ని క్షణాలు గాలిలోనే నిలిచి ఉంటుంది. తొందరపడి పాడితే మాట మీద మాట పడి అంతా కలగాపులగం. అందుకే గాయకులు తమ గొంతుతోపాటు గోడల జవాబు కూడా వింటూ పాడటం నేర్చుకుంటారు.

యుద్ధం మిగిల్చిన పాట
ఈ క్రిస్మస్ కార్యక్రమం పండగ సంబరంలోంచి పుట్టలేదు, దుఃఖంలోంచి పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంతోపాటు ఉండి వచ్చిన మతాచార్యుడు ఎరిక్ మిల్నర్ వైట్ 1918లో ఇక్కడ డీన్ అయ్యాడు. కాలేజీ నుంచి యుద్ధానికి వెళ్లిన కుర్రాళ్లలో ఎంతోమంది తిరిగి రాలేదు. పాత ప్రార్థనలు ఆ గాయానికి చాలవనిపించింది ఆయనకు. 1880లో ట్రూరో పట్టణంలో రూపొందిన ఒక క్రమాన్ని తీసుకుని, తొమ్మిది బైబిలు పఠనాలు, వాటి మధ్య పాటలతో కొత్త కార్యక్రమం అల్లాడు. ఈ లోకంలో లేని ఆత్మీయులను తలచుకునే ప్రార్థన కూడా రాశాడు. దాన్ని నేటికీ చదువుతున్నారు.

బీబీసీ 1928లో ప్రసారం మొదలుపెట్టింది. 1930లో తప్ప ఏ ఏడూ ఆగలేదు. రెండో ప్రపంచయుద్ధంలో కిటికీల రంగుటద్దాలు తీసి భద్రపరిచారు. లోపల వెచ్చదనం కరువు. శత్రువుకు తెలియకూడదని కాలేజీ పేరు కూడా రేడియోలో చెప్పలేదు. అయినా పాట సాగింది. కరోనా వల్ల 2020లో శ్రోతలు లేకుండానే రికార్డు చేసి వినిపించారు.

గొంతు మారేలోపు...
పదహారు మంది పిల్లలుండాలన్నది ఆరో హెన్రీ పెట్టిన నియమమే. అప్పట్లో పేద పిల్లల్ని తీసుకునేవారు. ఇప్పుడు కాలేజీకి చెందిన బడిలో చదివేవారు పాడుతున్నారు. మంద్ర స్వరాలు విశ్వవిద్యాలయ విద్యార్థులవి. ఒకవైపు డిగ్రీ పరీక్షలు, మరోవైపు రోజూ సాధన! పిల్లలకు పదమూడేళ్లు వచ్చేసరికి గొంతు మారుతుంది. విద్యార్థులు చదువు ముగించుకుని వెళ్లిపోతారు. అంటే నాలుగైదేళ్లలో బృందం దాదాపు మొత్తం కొత్తదైపోతుంది. చేతిలో ఉన్నది ఎప్పుడూ కొత్త గొంతులే. వాటితోనే పాత నాదాన్ని నిలబెట్టాలి. 1982 నుంచి 2019 వరకు ఆ భారం మోసిన స్టీఫెన్ క్లియోబరీ ఏటా ఒక కొత్త పాట రాయించే ఆనవాయితీ కూడా తెచ్చారు. పాతదాన్ని కాపాడటమంటే కొత్తదానికి చోటివ్వడమేనని ఆయన నమ్మకం కాబోలు!

మరి ఆడపిల్లల సంగతి? పొరుగునే ఉన్న సెయింట్ జాన్స్ కాలేజీ 2022లో తన బృందంలోకి అమ్మాయిల్నీ తీసుకుంది. కింగ్స్ కాలేజీలో యువతీ యువకులు కలిసి పాడే ‘కింగ్స్ వాయిసెస్’ 1997 నుంచీ ఉన్నా, ప్రధాన బృందానికి మాత్రం మగపిల్లల గొంతే గుర్తింపు. సంప్రదాయం ఎంతవరకు మారాలన్న చర్చ అక్కడా ఉంది.

టికెట్ లేని కచేరీ
క్రిస్మస్ ముందురోజు చోటు దొరకడం అంత తేలిక కాదు. దశాబ్దాల పాటు జనం చలిలో తెల్లవారకముందే వరసకట్టేవారు. కానీ అసలు కచేరీ వినాలంటే అంత తిప్పలు అక్కర్లేదు. కట్టడం చూడటానికి పగలు టికెట్ ఉంటుంది. కాలేజీ నడిచే రోజుల్లో మాత్రం చాలా సాయంత్రాలు బృందం పాడే ప్రార్థనకు ఎవరైనా ఉచితంగా వెళ్లి కూర్చోవచ్చు. ఏ మతస్తులని అడగరు.

ఆ సాయంత్రాల్లో కెమెరాలుండవు, చప్పట్లుండవు. వినేవారు పదిమందే ఉన్నా పాటలో శ్రద్ధ తగ్గదు. అయిదు శతాబ్దాల పేరు నిలబడింది ఏడాదికోసారి ప్రపంచమంతా వినే ఆ గంటన్నర వల్ల కాదు... ఎవరూ పెద్దగా వినని ఈ సాయంత్రాల వల్లే!