రెండువందల మిల్లీగ్రాములు

జబ్బుల్లో చెప్పుకోదగినవీ, చెప్పుకోకూడనివీ అని రెండు రకాలున్నాయి. చక్కెర వ్యాధీ, రక్తపుపోటూ మొదటి రకం. వాటిని గురించి పెళ్ళి పందిట్లో కూచుని కూడా మాట్లాడుకోవచ్చు. ఎవరు ఎన్ని మాత్రలు మింగుతున్నదీ పోల్చి చూసుకోవచ్చు. మనసుకు సంబంధించినవి రెండో రకం. వాటి పేరెత్తితే తెలంగాణాలో ఎర్రగడ్డా, కోస్తాలో విశాఖపట్నం ఆస్పత్రీ ఎగతాళి మాటలుగా బయటికొస్తాయి. నాది ఈ రెండో రకం జబ్బు. దాన్ని గురించీ, అంతకన్న ముఖ్యంగా దానికి వాడే మందు మనిషిని ఏం చేస్తుందో దాన్ని గురించీ ఇక్కడ రాయటానికి కారణం ఉన్నది. ఈ పత్రిక చదివేవారిలో విద్యార్థులూ, ఉపాధ్యాయులూ ఎక్కువ. వాళ్ళలో ఇదే మందు మింగుతూ నోరు మెదపనివాళ్ళు తప్పకుండా ఉంటారు.

నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. ఉద్యోగం ఏ ఏటికా ఏడే. ఫలితాలు తగ్గితే వచ్చే జూన్‌లో పిలుపు రాదు. నాలుగేళ్ళ కిందట ఒక రాత్రి గుండె దడదడలాడి, ఊపిరందక, చచ్చిపోతున్నాననిపించింది. గుండెపరీక్ష చేసి గుండెకేమీ లోటు లేదన్నారు. తరవాత వారంలోగా అదే మూడుసార్లు వచ్చింది. మానసిక వైద్యుడు దీన్ని పానిక్ జబ్బు అన్నాడు. సెర్ట్రలిన్ అనే మాత్ర రాశాడు. 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 50, 100, 150 దాటి, ఏడో నెలకు 200 చేరాం. పెద్దవాళ్ళకు ఈ మందు సాధారణంగా అంతకుమించి ఇవ్వరు.

మొదటి రెండు వారాలూ మందు నా ఆందోళనను తగ్గించకపోగా పెంచింది. కడుపులో తిప్పటం, విరేచనాలు, నిద్ర పట్టకపోవటం. ఈ మందు మొదట్లో ఇట్లా చెయ్యటం సహజమనీ, అసలు గుణం కనిపించటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందనీ నాకు ఎవరూ చెప్పలేదు. వైద్యుడికి చెప్పే తీరిక లేదు; బయట బెంచీల మీద నాబోటివాళ్ళు యాభైమంది ఉన్నారు. తరవాత చదివి తెలుసుకున్నాను. ఈ మందు పనిచేసేది సెరటోనిన్ అనే పదార్థం మీద. శరీరంలో ఉండే సెరటోనిన్‌లో సుమారు 90 శాతం మెదడులో కాదు, పేగుల్లో ఉన్నది. అలాంటప్పుడు మనసుకని వేసిన మాత్ర ముందు కడుపును పట్టుకోవటంలో వింతేమున్నది? కారణం తెలియగానే వికారం పోలేదు గాని, దాన్ని చూసి భయపడటం పోయింది. భయమే జబ్బైనవాడికి ఇది చిన్న లాభం కాదు.

విద్యార్థులు తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. ఈ జాతి మందులు మొదలుపెట్టినప్పుడూ, మోతాదు మార్చినప్పుడూ కొందరు చిన్నవయసువాళ్ళలో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయంలోనూ, 2007లో 24 ఏళ్ళ వరకు ఉన్న యువజనుల విషయంలోనూ పెద్ద హెచ్చరిక వేయించింది. మందు వాడవద్దని దీని అర్థం కాదు. ఆ వారాల్లో మనిషిని ఒంటరిగా వదలక కనిపెట్టి ఉండాలని. మన హాస్టళ్ళలో అట్లా కనిపెట్టి ఉండేవాళ్ళెవరు? 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరుకు డబ్బు లేకుండా ఫోను చెయ్యవచ్చు. ఆ నంబరు ప్రతి హాస్టలు గోడ మీదా ఉండాలి.

200 దగ్గర దడ ఆగింది. అయితే చెయ్యి వణకసాగింది. టైట్రేషన్ చేసి చూపించేటప్పుడు బ్యూరెట్ నుంచి ఒక్క చుక్క వదలవలసిన చోట మూడు చుక్కలు పడేవి. ఫాను కింద నిలబడినా చొక్కా తడిసిపోయేది. రాత్రిళ్ళు సినిమాల్లాంటి కలలు. భార్యాభర్తల మధ్య నడిచే సంగతి కూడా కుంటుపడింది. దీన్ని గురించి రాయటం మర్యాద కాదనేవాళ్ళుంటారు. ఈ మర్యాదవల్లనే ఎందరో మగవాళ్ళూ, ఆడవాళ్ళూ వైద్యుడికి చెప్పకుండా మందు మానేస్తున్నారు. నేను నా భార్యకు చెప్పాను: “ఇది నీమీద విముఖత కాదు, మందు గుణం.” ఆవిడ, “ఆ మాట డాక్టరుతో కూడా అనండి, నాతో అంటే మోతాదు తగ్గుతుందా?” అన్నది.

ఆ సలహా ప్రకారం నోటుబుక్కులో పట్టిక గీశాను. మాత్ర వేసిన వేళ, వణుకు, చెమట, నిద్ర, దడ. నెలకొకసారి దాన్ని వైద్యుడి ముందు పెట్టేవాణ్ణి. దాన్ని చదవటానికి ఆయనకు రెండు నిమిషాలు చాలేవి. మాత్ర ఉదయం ఫలహారం తరవాతికి మార్చాడు. నిద్ర కొంత బాగుపడింది. కాఫీ ఒక పూటకు తగ్గించాను, వణుకు తగ్గింది. నడుంనొప్పికి వేసుకునే బ్రూఫెన్‌లాంటి మాత్రలు దీనితో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుందని తెలిసి, అడగకుండా వేసుకోవటం మానాను.

ఒకసారి వానలవల్ల మా ఊరి షాపులకు సరుకు రాక నాలుగు రోజులు మందు దొరకలేదు. మూడోనాటికి తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టయేది. ఈ మందు అర్ధాయువు సుమారు 26 గంటలు. నాలుగు రోజుల్లో ఒంట్లో ఉన్నదాంట్లో పదోవంతు కూడా మిగలదు. ఇది వ్యసనం కాదు; అలవాటుపడ్డదాన్ని ఒక్కసారిగా లాగేస్తే శరీరం చేసే గొడవ. మానదలిస్తే వైద్యుడి సలహాతో మెట్టు మెట్టుగా దిగాలి.

వీటన్నిటికన్న నన్ను కలవరపెట్టినది మరొకటి. మా కాలేజీలో ఏడాది మధ్యలో నలుగురు లెక్చరర్లను తీసేశారు. వాళ్ళలో ఒకావిడకు ఇద్దరు చిన్నపిల్లలు. ఆ వార్త విన్నప్పుడు నాకు కోపం రాలేదు. అన్యాయమని తెలుసు, ఆ తెలియటం పుస్తకంలో చదివినట్టుగా ఉన్నది. పెద్ద మోతాదులో ఈ మందులు కొందరికి భయంతోపాటు దుఃఖాన్నీ, సంతోషాన్నీ, కోపాన్నీ కూడా మొద్దుబారుస్తాయి. అభ్యుదయవాదికి కోపం ఆస్తి అనుకుంటాం. ఆ ఆస్తి పోయినవాడు ఏం చెయ్యాలి? నిరసన పత్రం వచ్చింది, సంతకం పెట్టాను. కోపం వచ్చి పెట్టలేదు, ఆ నలుగురికీ జరిగింది రేపు అందరికీ జరుగుతుంది గనక పెట్టాను. ఆవేశం లేనిదే పని జరగదనేది పూర్తి నిజం కాదని అప్పుడు తెలిసింది. అయినా కోపం లేకుండా బతకటం నాకు ఇష్టం లేదు. ఆ మాట వైద్యుడికి చెబితే మూడు నెలల్లో మోతాదును 200 నుంచి 100కు దించాడు. దడ అప్పుడప్పుడు తొంగిచూస్తున్నది. కోపం కూడా తిరిగివచ్చింది. ఈ బేరం నాకు సమ్మతమే.

మన మిత్రుల్లో కొందరు, “జబ్బు సమాజానిది, మాత్ర నీకెందుకు?” అంటారు. ఉద్యోగానికి భద్రత ఉంటే నా జబ్బు ఇంత ముదిరేది కాదనటంలో సందేహం లేదు. కాని సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు చెడిన కార్మికుడికి గని యజమాని మారేదాకా వైద్యం వద్దని ఎవరంటారు? ఇంకొందరు, “మనసు దిటవు చేసుకో” అంటారు. మనసు శరీరానికి అతీతమని నమ్మేవాళ్ళు అనవలసిన మాట ఇది. భౌతికవాదులు అనవలసింది కాదు.

మందుల కంపెనీల మాటనూ అట్లాగే పరీక్షించాలి. మెదడులో సెరటోనిన్ తగ్గటమే ఈ జబ్బులకు మూలమని ఏళ్ళ తరబడి ప్రచారం జరిగింది. కుంగుబాటు విషయంలో దానికి నిలకడైన రుజువు లేదని 2022లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. అంతమాత్రాన మందు పనిచెయ్యదని కాదు. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే గొంతునొప్పి తగ్గుతుంది. గొంతునొప్పి ఉప్పు తక్కువై వచ్చిందని ఎవరూ అనరు.

ఈ మాత్ర నా జీతంలో కొనగలుగుతున్నానంటే దాని వెనక ప్రజల విధానం ఉన్నది. 1970 పేటెంట్ చట్టం మందు మీద కాక, తయారుచేసే పద్ధతి మీదనే హక్కు ఇచ్చింది. 2005 దాకా అదే నడిచింది. 1961లో ఏర్పడి, సోవియట్ సహాయంతో హైదరాబాదులో కర్మాగారం పెట్టిన ఐ.డి.పి.ఎల్. ఆ ఊళ్ళో మందుల పరిశ్రమకు పునాది వేసింది. మందును చవకచేసిన ఆ పోరాటాన్ని మందు గుణదోషాలు చెప్పించుకునే హక్కు దాకా తీసుకుపోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి చికిత్సలో ఆశించే ప్రయోజనాన్నీ, దుష్ఫలితాలనూ తెలుసుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు అమలు కావాలంటే బెంచీ మీది యాభైమందికి ఒక్క వైద్యుడు చాలడు. జిల్లా ఆస్పత్రిలో మాట్లాడి చేసే చికిత్సకు మనుషులు కావాలి. మోతాదు మార్చిన వారాల్లో జీతంతో సెలవు కావాలి. వచ్చే లెక్చరర్ల సంఘం సమావేశంలో ఈ రెండిటినీ కోర్కెల జాబితాలో చేర్చమని అడగబోతున్నాను. ఎందుకని అడిగితే, మోతాదుతో సహా చెబుతాను.