కూజామీది సంవత్సరము

పాత మట్టిపాత్ర చేత పట్టినవారు దాని నడుగవలసిన ప్రశ్నలు రెండు. ఎక్కడ పుట్టితివి? ఎప్పుడు పుట్టితివి? మన కుమ్మరి తన కుండమీద పేరుగాని యేడుగాని వ్రాయడు. ఐరోపాలోని పల్లె కుమ్మరులలో ననేకులు నట్టివారే. కాని రైనునదీ ప్రాంతమందలి కొన్ని యూళ్లవారు 16వ శతాబ్దమునుండియు తమ కూజాలమీద సంవత్సరపు టంకెలను వేయుచుండిరి. అంకె యున్నచో వయస్సు తేలినట్లే గదా యని తలచు చదువరులు కొంచెము ఓపిక పట్టవలెను.

అట్టి కూజా యొకటి మా చేతికి వచ్చినది. పూర్వ మీ పాఠశాలలో బోధించిన యొక దొరసానిగారి కుమార్తె, తామును వృద్ధులై జర్మనీలోని తమ యిల్లు ఖాళీ చేయుచు, దానిని మాకు పంపిరి. "ఇది మా ముత్తాతగారి నాటినుండి యింటనున్నది. దీనిమీద 1583 అని యున్నది. దీని నమ్మి బాలికల వసతిగృహమునకు పైకప్పు వేయించుడు" అని వ్రాసిరి. ఆ కప్పు వానకాలమందెట్లు కారునో తలిదండ్రులకు మేము చెప్ప నక్కఱలేదు.

కూజా జానెడున్నర యెత్తు గలది. బూడిదవన్నె మంటిమీద చక్కని నీలిరంగు. నడుమున పట్టీవలె చుట్టివచ్చిన చిత్రములో రైతులు జంటలు జంటలుగా నాట్యమాడుచున్నారు. వారి నడుమనే 1583.

పుట్టినచోటు తెలిసికొనుట కష్టము కాలేదు. అది మన యూరగాయ జాడీవలె గట్టిగా కాలిన మన్ను. వ్రేలితో మీటిన ఖంగుమనును. ఆవము మిక్కిలి వేడెక్కినప్పుడు అందులో ఉప్పు చల్లుదురు. ఉప్పునుండి లేచిన యావిరి మంటిలోని యిసుకతో గలిసి గాజువంటి మెఱుగగును. ఆ మెఱుగు నారింజతొక్కవలె సన్నని గుంటలతో నుండును. ఉప్పు అంతట నొక్కటియే గాని మన్ను వేఱు. సీగ్‌బుర్గు కూజాలు తెల్లనివి. ఫ్రెహెనువి గోధుమవన్నె చుక్కలవి. నేడు బెల్జియములో నున్న రేరెను పనిలోను గోధుమవన్నెయే విస్తారము. బూడిదమీద కోబాల్టు నీలము వెస్టర్‌వాల్డు కొండసీమలోని హ్యోరు, గ్రెంజ్‌హౌజెను ఊళ్లకు ప్రసిద్ధము. మా కూజా యీ కడపటి సీమది.

అయితే ఆ రైతుల నాట్యము రేరెనుది. హాన్స్ జేబాల్డ్ బేహం అను చిత్రకారుని ముద్రాచిత్రములను జూచి, రేరెనులోని యాన్ ఎమెన్స్ అను కుమ్మరి 1576 ప్రాంతమున నట్టి పట్టీలను చేసెను. 16వ శతాబ్దాంతమున రేరెను కుమ్మరులు కొందఱు వెస్టర్‌వాల్డునకు వలసపోయిరి. పనివాడు వలసపోవునప్పుడు పనిముట్లను విడిచిపోవునా? ఇక్కడనే అంకె బలహీనత బయటపడినది. సంవత్సరము చెక్కబడినది అచ్చులో, కూజామీద గాదు. ఒక యచ్చు అనేక వత్సరములు పనికివచ్చును. కావున 1583 అనునది అచ్చు పుట్టిన యేడేగాని కూజా పుట్టిన యేడు కానక్కఱలేదు. తగరపు మూతమీది యంకెయు నిట్టిదే. అది మూతకు సాక్షి.

అంకెలకంటె నమ్మదగిన సాక్షులు సముద్రగర్భమున దొరకినవి. డచ్చి కంపెనీవారి బటావియా యను నోడ 1629వ సంవత్సరమున ఆస్ట్రేలియా పడమటి తీరమున దీవులకు తగిలి మునిగెను. దానిలో గడ్డపు ముఖము గల రైనుసీమ కూజాలు దొరకినవి. ఓడ మునిగిన దినము తెలియును గనుక, అవి యంతకు బూర్వపువని నిస్సంశయముగ చెప్పవచ్చును. ఆ కంపెనీకే మన మచిలీపట్టణములోను వర్తకస్థానము గలదని యెనిమిదవ తరగతివారికి జ్ఞాపకముండును.

మా కూజా సముద్రములో పడలేదు. కావున మేము దానిని తలక్రిందు చేసితిమి. (పిల్లలకు ఈ పద్ధతి మిక్కిలి నచ్చినది.) తిరుగుచున్న సారెమీదనుండి పాత్రను తీగతో కోసిన యడుగున ముత్యపుచిప్పవలె వంపుగీతలు పడును, సారె నిలిపి కోసిన నేరుగీతలు పడును. మా కూజా యడుగు నున్నగా నుండెను. అందులో నొక చిన్న సంఖ్య యొత్తబడి యుండెను. మా పేటలోని కుమ్మరి తాతగారికి చూపితిమి. ఆయన లోపల చేయిపెట్టి రెండుమార్లు త్రిప్పి, "మాష్టారూ, దీన్లో వేళ్లజాడ లేదండి. ఇది సారెమీద పుట్టలేదు, అచ్చులో పుట్టింది" అనిరి. పూర్వపు కూజాలకు పట్టీ మాత్రమే అచ్చుది. ఒడలు సారెమీది పని. ఒడలెల్ల అచ్చులో తీసి, అడుగున నమూనా సంఖ్య వేయుట 19వ శతాబ్దపు కర్మాగారముల పద్ధతి.

1871లో జర్మను సామ్రాజ్య మేర్పడిన పిమ్మట ఆ దేశస్థులకు తమ పూర్వుల వస్తువులపై మక్కువ హెచ్చెను. వెస్టర్‌వాల్డువారు పాత కూజాలను, అంకెలతోసహా, క్రొత్తగా చేసి బహిరంగముగనే యమ్మిరి. వారు మోసగాండ్రని మేమనము. "జర్మనీ" యను ముద్ర లేదు గదా యని యొకరడిగిరి. ఆ ముద్ర అమెరికావారి 1890 నాటి శాసనముచే, 1891నుండి అక్కడికి పోవు సరకునకు తప్పనిసరి యయ్యెను. స్వదేశమున నమ్మినవానికి దానితో పనిలేదు. ముద్ర యుండుట కొంత చెప్పును. లేకపోవుట యేమియు చెప్పదు.

సహోపాధ్యాయులలో నొకరు, "సంవత్సరము దానిమీదనే యున్నది. మనము వ్రాయలేదు. ఉన్నది యున్నట్లు చూపి అమ్మిన తప్పేమి?" అనిరి. వానలో తడిసిన పరుపులను చూచినవా రామాట తేలికగా త్రోసివేయలేరు. మేమును ఆ రాత్రి చాలసేపు ఆలోచించితిమి. మఱునాడు దొరసానిగారి కుమార్తెకు మేము కనుగొన్నదంతయు వ్రాసితిమి.

ఆమె ప్రత్యుత్తరము నెలలోపల వచ్చినది. తమ ముత్తాతగారు 1880 ప్రాంతమున వివాహమాడిరనియు, అది పెండ్లి కానుక యని చిన్ననాట విన్నట్లు జ్ఞాపకమనియు వ్రాసిరి. ఇంటివారి మాట నిజమే యైనది. అంకె మాత్రమే మూడువందల యేండ్లు ముందునకు దుమికినది. కూజాను పాఠశాలయందే యుంచుకొనుడని సెలవిచ్చిరి. అది యిప్పుడు భూగోళశాస్త్రపు గదిలో, అడుగు కనబడునట్లు ప్రక్కకు వాల్చి పెట్టబడి యున్నది. వసతిగృహపు పైకప్పునకు చందాలు కార్యదర్శిగారియొద్ద స్వీకరింపబడుచున్నవి.