అచ్చయిన తరవాత బొమ్మ ఎవరిది?



ముప్ఫయి ఏళ్ళకు పైగా బడిలో తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న పండితుడి ఇంట్లో ఏమేమి ఉంటాయని అడిగితే ఎవరైనా ఏమి చెబుతారు? ప్రబంధాల పాత ముద్రణలు, రెండు మూడు తాళపత్రాల కట్టలు, మహా అయితే సభల్లో కప్పిన శాలువలు. సైనిక్‌పురిలో మా వీధిలో ఉండే విశ్రాంత సైనికోద్యోగులు కూడా నా గురించి అలాగే అనుకునేవారు. నా దగ్గర ఉన్నవి వేరు. ధారావాహికలకూ బొమ్మల కథలకూ అచ్చు నిమిత్తం చిత్రకారులు స్వయంగా గీసి ఇచ్చిన అసలు అట్టలు. లెక్కకు ఇరవై మూడు.

ఈ సరదాను సమర్థించుకోవడానికి మొదట నాతో నేనే వాదించుకోవలసి వచ్చింది. సాహిత్యంలో స్వహస్తప్రతి లేకపోయినా కావ్యానికి లోటు లేదు. నన్నయభట్టు గంటం పట్టి వ్రాసిన ఆకు ఒక్కటీ మనకు దక్కలేదు. లేఖకులు ఎత్తి వ్రాసిన ప్రతులను పోల్చుకుని పాఠం పరిష్కరించుకున్నాము. పద్యం ఒక ఆకు నుంచి మరొక ఆకుకు చేరినా పద్యమే. బొమ్మకు ఆ సౌకర్యం లేదు. పత్రికలో కనబడేదానికి ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో పెద్దదిగా చిత్రకారుడు గీస్తాడు. పూర్వం దానిని కెమెరాతో చిన్నది చేసి, జింకు రేకు మీదికి ఎక్కించి, ఆమ్లంతో తినిపించి బ్లాకు తీసేవారు. ఆ ప్రయాణంలో సన్నని గీతలు కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి, కొన్ని మాయమయ్యేవి. ఆపైన నాసిరకం కాగితం సిరాను పీల్చుకుని గీత అంచును అలికేసేది. అంటే చిన్నతనంలో మనం కళ్ళప్పగించి చూసినది బొమ్మ నీడను. అసలు బొమ్మ ప్రెస్సులో ఏదో బల్ల కింద ఉండిపోయింది.

నాకు ఈ దాహం పట్టించినది, మీలో చాలామందికి లాగానే, చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మదరాసులో ప్రారంభించిన ఆ పత్రిక 2013 నాటికి ఆగిపోయింది. దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలకు చిత్రా గారు వేసిన బొమ్మలు, భుజాన శవంతో కత్తి పట్టి నడిచే విక్రమార్కుణ్ణి మన కంటికి శాశ్వతం చేసిన శంకర్ గారి రేఖ, ముఖచిత్రాల మీద వడ్డాది పాపయ్య గారి రంగులు, వీటిని చూస్తూ పెరిగిన పిల్లవాడికి కథ ముందో బొమ్మ ముందో తెలియదు. వపా గారు 1992లో వెళ్ళిపోయారు, శంకర్ గారు 2020లో. కృష్ణశాస్త్రి గారి కుమారుడు బుజ్జాయి గారు డుంబును సృష్టించి, తండ్రి అక్షరాలతో చేసిన పనిని తాను గీతలతో చేశారు. వీరందరి బొమ్మలూ లక్షల ఇళ్ళకు చేరాయి. వాటి అసళ్ళు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయి? ఆ ప్రశ్న పుట్టిన రోజు నుంచి వెతుకుతూనే ఉన్నాను.

దేశాంతరాల్లో ఇది పెద్ద వ్యాపారమని నాకు చెప్పినవాడు మా మేనల్లుడు. వాడే ఎన్కి బిలాల్ గీసిన నికోపోల్ త్రయాన్ని తెచ్చి నా ముందు పెట్టాడు. బెల్‌గ్రేడులో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఈ చిత్రకారుడు 1980లో మొదటి భాగాన్ని, 1986లో రెండవదాన్ని, 1992లో మూడవదాన్ని వెలువరించాడు. మొదటి కథ 2023 నాటి పారిస్‌లో జరుగుతుంది. నగరం ఒక నియంత చేతిలో ఉంటుంది. ఊరి మీద ఆకాశంలో ఒక పిరమిడ్ వచ్చి నిలుస్తుంది. అందులో ఈజిప్టు దేవతలు, వారికి కావలసినది ఇంధనం! మన పురాణాలు చదివినవాడికి పరకాయప్రవేశం కొత్త కాదు గనుక, డేగ తల గల హోరస్ దేవుడు నికోపోల్ శరీరంలో దూరడం నాకు వింతగా తోచలేదు. రెండవ భాగంలో నీలిరంగు జుట్టు గల జిల్ అనే విలేఖరి వస్తుంది. 2025లో ఉండి 1993 నాటి పత్రికకు వార్తలు పంపుతుంది. అంత పాడుబడ్డ లోకంలో వారిద్దరికీ ప్రేమ పుడుతుంది. కథలోని భవిష్యత్తు మనకు గడిచిపోయిన సంవత్సరాలైపోయింది. ప్రేమకథ మాత్రం పాతబడలేదు.

ఈ బిలాల్ తరవాతి పుస్తకాలకు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పుట మొత్తాన్ని ఒకే అట్ట మీద గీయకుండా, ఒక్కొక్క గడినీ విడి చిత్రంగా రంగుల్లో వేసి ఆ తరవాత పుటగా కూర్చుకుంటాడు. అందువల్ల కథ పుస్తకంలో ఉంటుంది, ప్రతి గడీ గోడకెక్కే చిత్రమవుతుంది. 2007లో పారిస్‌లో జరిగిన వేలంలో అతని చిత్రం ఒకటి 1,70,000 యూరోలకు పైగా పలికింది. 2021లో టిన్‌టిన్ సృష్టికర్త ఎర్జే గీసిన ముఖచిత్రం, అదీ ప్రచురణకర్త వాడకుండా పక్కన పెట్టినది, 30 లక్షల యూరోలు దాటింది. అందరి కథా అలా లేదు. అమెరికాలో జాక్ కిర్బీ అంతటివాడు తాను గీసిన పుటలను తనకు ఇప్పించమని ప్రచురణసంస్థతో ఏళ్ళ తరబడి పోరాడితే 1987లో దాదాపు 2,000 పుటలు తిరిగి వచ్చాయి. గీసినవి అంతకు ఎన్నో రెట్లు.

ఇక నా అట్టల సంగతి.

2009లో ఒక ఆదివారం ఆబిడ్స్ పుస్తకాల బజారులో, పాత వారపత్రికల దొంతర అడుగున, ఆరు డ్రాయింగు అట్టలు దొరికాయి. ఒక్కొక్కటి 150 రూపాయలు. 1986లో ఒక వారపత్రికలో వచ్చిన ధారావాహికకు వేసినవి. ఆ కథ నేను అప్పట్లో చదివాను. రాబోయే కాలంలో నీళ్ళన్నీ ప్రభుత్వం చేతిలోకి పోతాయి. గాజు కప్పు కింద నగరం. మనిషికి రోజుకు ఇన్ని గుక్కలని లెక్క. ఆ లెక్క రాసుకునే గుమాస్తాకూ, దొంగతనంగా మల్లెతీగను పెంచుకునే పిల్లకూ ప్రేమ. కథ మధ్యలో నీరసపడింది గాని బొమ్మలు పడలేదు. చిత్రకారుడు పేరున్నవాడు కాడు. పత్రిక పేరూ ఆయన పేరూ ఇక్కడ వ్రాయను.

అట్టలను ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర పరీక్షగా చూస్తే అచ్చులో ఎన్నడూ కనబడని లోకం బయటపడింది. అంచున నీలి పెన్సిలుతో ఎన్ని అంగుళాలకు తగ్గించాలో కొలత. గీత తప్పిన చోట బ్లేడుతో గీకిన గరుకు. ఐదవ అట్టలో నాయికా నాయకులు జానెడు ఎడంగా నిలబడి ఉంటారు, పత్రికలోనూ అలాగే అచ్చయింది. అట్టను వెలుగుకు ఎత్తి పట్టుకుంటే, ఆ ఎడంలో పూసిన తెల్లరంగు కింద నుంచి రెండు చేతులు కనబడతాయి, ఒకదానిలో ఒకటి. ఎవరు చెరపమన్నారో, ఎందుకు చెరపమన్నారో, అట్ట చెప్పదు. వెనక్కు తిప్పితే పెన్సిలుతో ఒక్క ముక్క: "డబ్బు ముట్టలేదు." ఆరింటిలో నాలుగింటి వెనక ఆ ముక్క ఉంది.

కావ్యాల గద్యల్లో కవి వంశమూ బిరుదులూ ఉంటాయి. చిత్రకారుడి గద్యలో ఈ రెండు మాటలే ఉన్నాయి. వాటిని చదివిన తరవాత 150 రూపాయల బేరం నాకు సంతోషం ఇవ్వలేదు. ఆయన కోసం వాకబు చేయడం మొదలుపెట్టాను. పాత కంపోజిటర్లను అడిగాను, పత్రికల్లో పనిచేసి విరమించినవారిని అడిగాను. చాలా ఏళ్ళు పట్టింది. ఆయన 1997లోనే పోయారని, కూతురు నగరంలోనే ఉన్నదని 2022లో తెలిసింది.

ఆమె ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. బట్టల దుకాణంలో లెక్కలు చూస్తుందట. అట్టలను ఒకటొకటిగా చూసి, "అమ్మ ముక్కు ఇది. నాన్న ఆడవాళ్ళందరికీ ఇదే ముక్కు పెట్టేవాడు" అని నవ్వింది. ఐదవదాన్ని వెలుగుకు పట్టి చూపించాను. కాసేపు చూసింది. నేను అప్పటికే మనసులో అనుకున్నాను, ఈమె అడిగితే అన్నీ ఇచ్చివేయాలని. ఆమె అడిగినది వేరు.

"వీటిని అమ్మితే ఏమైనా వస్తుందా, మాష్టారూ?"

అప్పటికి కొద్ది నెలల ముందే ఒక చిత్రాల వ్యాపారి ఐదవ అట్టకు 40,000 ఇస్తానని కబురు చేసి ఉన్నాడు. ఆ మాట దాచకుండా చెప్పాను. "అయితే అమ్మేయండి. అమ్మను నేను చూసుకున్నాను కదా, బొమ్మ ఎందుకు? మా అమ్మాయికి కాలేజీ ఫీజు కట్టాలి" అంది. ఆ మాటలో కాఠిన్యం లేదు. తండ్రి పనిచేస్తే డబ్బు రావాలన్న న్యాయం ఉంది, అంతే.

మన కాపీరైటు చట్టంలో 1994 సవరణతో చేరిన 53ఎ అనే సెక్షను ఒకటుంది. అసలు చిత్రం మళ్ళీ చేతులు మారి 10,000 రూపాయలకు మించి పలికితే, చిత్రకారుడికో అతని వారసులకో ఆ ధరలో వాటా రావాలని, అది పదింట ఒక వంతుకు మించరాదని దాని సారాంశం. కాపీరైటుకు చిత్రకారుడే మొదటి హక్కుదారు అయి ఉండాలన్న షరతు ఉంది. పత్రికలకు గీసిన బొమ్మల విషయంలో పేచీ ఆ షరతు దగ్గరే వస్తుంది. ఒకవేళ పేచీ లేకపోయినా నలభై వేలలో ఆమెకు వచ్చేది నాలుగు వేలు. చట్టం చెప్పేది అంతవరకే. "డబ్బు ముట్టలేదు" అన్న మాటకు జవాబు చట్టంలో దొరకదు.

ధర్మశాస్త్రాలలో ఋణాలకు మూడు పేర్లున్నాయి: దేవఋణం, ఋషిఋణం, పితృఋణం. చదువరి చిత్రకారుడికి పడిన ఋణం ఈ మూడింటిలో దేని కిందికి వస్తుందో తేల్చడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. తేలలేదు. చివరకు చేసినది ఇది. ఆరింటిలో రెండు అట్టలను ఆ వ్యాపారికే అమ్మి, వచ్చిన సొమ్ము మొత్తం ఆమె చేతిలో పెట్టాను. ఐదవదాన్ని అమ్మడానికి మనసొప్పలేదు. అందుకని వ్యాపారి చెప్పిన 40,000 నా పింఛను సొమ్ములోంచి తీసి ఆమెకు ఇచ్చాను. అంటే ఒకే అట్టను రెండుసార్లు కొన్నాను, మొదటిసారి బజారులో, రెండవసారి హక్కుదారు దగ్గర. మా ఆవిడ "సరే, మూడోసారి మాత్రం కొనకండి" అంది. ఆ ఏడాది ఇంటికి వేయించవలసిన సున్నం వేయించలేదు.

అమ్మిన రెండూ ఇప్పుడు ఎవరి గోడ మీద ఉన్నాయో తెలియదు. బెంగగానే ఉంది. అయితే ఆ రెండింటి వెనకా నేను మెత్తటి పెన్సిలుతో, ఆయన వ్రాసుకున్నదాని కింద, "2022లో కుమార్తెకు ముట్టినది" అని వ్రాసి తేదీ వేశాను. అసలు చిత్రం మీద చేయి చేసుకోరాదన్న నియమం నాకూ తెలుసు. తెలిసే వ్రాశాను.

మీలో ఎవరి ఇళ్ళలోనైనా ఇటువంటి అట్టలు ఉండవచ్చు. తాతగారి ట్రంకుపెట్టె అడుగున పరిచి ఉండవచ్చు. ఉంటే నాలుగు మాటలు. లామినేషను చేయించకండి, ఆ పని చేస్తే బొమ్మ చచ్చినట్టే. చిరిగినచోట ప్లాస్టిక్ టేపు అంటించకండి, కొన్నేళ్ళకు దాని జిగురు పసుపుపచ్చగా కాగితంలోకి దిగుతుంది. మామూలు గోధుమరంగు అట్టలో ఆమ్లం ఉంటుంది గనుక ఆమ్లం లేని నూలు కాగితం మధ్య పెట్టి బల్లపరుపుగా ఉంచండి. ఎండ తగలనీయకండి. నల్ల ఇండియన్ ఇంకు తట్టుకుంటుంది గాని రంగులు తట్టుకోవు. కలరా ఉండలు అట్టలకు ఆనించి పెట్టకండి. వానాకాలం వెళ్ళగానే ఒకసారి తీసి చూడండి, పూసిన తెల్లరంగు పెళ్ళలుగా రాలుతూ ఉంటే వేలు పెట్టకండి. మంచి స్కానరుతో నకలు తీసి పెట్టుకోండి. అన్నిటికంటె ముఖ్యం, ఎవరు గీశారో, ఏ సంచికకో, మీ దాకా ఎలా వచ్చిందో విడి కాగితం మీద వ్రాసి దానితో ఉంచండి. చరిత్ర తెలియని బొమ్మకు వారసులు ఉండరు.

2008లో అమెరికాలో ఎవరో పేరు చెప్పని దాత స్పైడర్‌మాన్ తొలి కథ ఉన్న సంచిక అసలు పుటలు 24 వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చివేశాడు. కోట్లు పలికే వస్తువు. ఇప్పుడు ఎవరైనా అడిగి చూడవచ్చు. మన తెలుగు బొమ్మలకు కూడా అటువంటి చోటు ఒకటి కావాలి. అది ఏర్పడేదాకా నా వంటివారి బీరువాలే గతి, బీరువా యజమానులు శాశ్వతులు కారు. అందుకే నా వీలునామాకు ఒక జాబితా జతపరిచాను. మిగిలిన ఇరవై ఒక్క అట్టలలో దేని వెనక ఏమి వ్రాసి ఉందో, ఎవరి వారసులను అడిగి ఏమి చేయాలో అందులో ఉంది. పదకొండింటికి వారసులు తెలిశారు. పదింటి చిత్రకారుల సంతకం తప్ప మరేమీ తెలియదు. పాత వారపత్రికల చిత్రకారుల కుటుంబాలను ఎరిగినవారు మీలో ఎవరైనా ఉంటే నాకు ఒక్క మాట వ్రాయండి. ఆ సంతకాలను ఒకటొకటిగా మీ ముందు పెడతాను.

సెలవు.