నేను చెప్పిన తప్పు జవాబు

గడచిన వేసవికి ముందు పదవ తరగతిలో ఎముకల పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "అయ్యగారూ, మేకకాళ్ల పులుసు చల్లారినప్పుడు పేరుకొను జిగురును, మన చెవిలోని మెత్తని ఎముకలోని పదార్థమును ఒకటేనా?" అని యడిగెను. ఒకటే యని తడుముకొనక చెప్పితిని. ఆ జిగురు కొల్లాజెన్ అను మాంసకృత్తునుండి వచ్చుననియు, 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా గారలు దానిని మూడుపేటల త్రాడుగా వర్ణించిరనియు చెప్పి తరగతిని మెప్పించితిని.

సెలవులలో ఒక వైద్యకళాశాలయందు పనిచేయు నా మేనల్లునితో ఈ సంగతి చెప్పగా అతడు నవ్వి, "మామయ్యా, త్రాడు ఒకటే గాని పేటలు వేరు" అనెను. చర్మమునందును ఎముకయందును ఉండు మొదటి రకములో రెండు పేటలు ఒక తీరువి, మూడవది వేరు. మృదులాస్థిలో ముఖ్యమైన రెండవ రకములో మూడును ఒకే తీరువి. 1969లో మిల్లర్, మటుకాస్ అనువారు కోడిపిల్లల మృదులాస్థిలో దీనిని కనుగొనిరి.

అతడు నన్ను ప్రయోగశాలకు తోడుకొనిపోయెను. మేక మోకాలికీలునుండి ముత్యపురంగు పొరను చెక్కి, సన్నగా తరిగి, గ్వానిడిన్ ద్రావణములో నానబెట్టి, కొల్లాజెన్‌ను చుట్టుకొనియున్న యితర పదార్థములను తొలగింతురు. పిమ్మట పలుచని ఎసిటిక్ ఆమ్లములో పెప్సిన్ వేసి చలువలో నుంతురు. మన కడుపులో మాంసమును జీర్ణముచేయు ఆ పెప్సినే ఇచ్చట త్రాటికొసలను కొరికి, పురిని ముట్టక విడిచిపెట్టును! నాకు మిగిలినవన్నిటికంటె ఇదియే వింతగా తోచినది. తరువాత ఉప్పు చేర్చగా కొల్లాజెన్ తెల్లగా విరిగి అడుగునకు దిగును. దానిని కాచి పేటలు విడదీసి, జిగురుపలకలో విద్యుత్తుచే నడిపించి, నీలిరంగు వేయుదురు. మొదటి రకమునకు రెండు గీతలు, రెండవ రకమునకు ఒక్కటే గీత.

"ఇక తేలినట్లేనా?" అంటిని.

"తేలలేదు. ఆ ఒక్కగీతయు మొదటి రకపు పైగీతకు సరిగా ప్రక్కనే నిలుచును. రెండు రకములును కలిసిన తునకలో గీత దేనిదో ఎట్లు చెప్పుదుము?"

అందుకు సయనోజెన్ బ్రోమైడుతో పేటలను మెథియొనీన్ ఉన్నచోట్ల తెంచి, ఆ ముక్కల వరుసను పోల్చిచూతురు. అది ఘోరవిషము గనుక నన్ను ఆ గదిలోనికి రానీయలేదు. ఇంత శ్రమ యెందుకన, గాయపడిన మోకాలిలో పూడుకొనివచ్చిన పొర కంటికి మృదులాస్థివలె తెల్లగానే యుండును. అందు మొదటి రకమే హెచ్చుగా నున్నయెడల అది రాపిడికి అంతగా నిలువదు. మా తల్లిగారి మోకాళ్లు నాకు జ్ఞాపకము వచ్చినవి.

బడి తెరచునప్పటికి ఆ విద్యార్థి ఉత్తీర్ణుడై వెళ్లిపోయెను. అతని తమ్ముడు మన ఎనిమిదవ తరగతిలో నున్నాడు గనుక ఈ సంచిక ఆ యింటికి చేరును. నాయనా, మీ పులుసులో పేరుకొన్న జిగురు తోలు, నరములు, ఎముకలనుండి దిగిన మొదటి రకము. నీ చెవిలోనిది రెండవది.