85 దాటితే... బోనెక్కాల్సిందే!

కొత్త కారు. ఖాళీ రోడ్డు. పక్కనే నీలి కొండలు. కాలు కాస్త బరువైందనుకోండి... చాలాచోట్ల జరిమానాతో పోతుంది. అమెరికాలోని వర్జీనియాలో మాత్రం వ్యవహారం కోర్టు దాకా వెళ్తుంది. ఒక్కోసారి జైలు దాకా! స్పోర్ట్స్‌ కారున్నవాళ్లకు ఆ రాష్ట్రమంటే ఎంత మోజో అంత హడల్‌ కూడా అందుకే.

వాషింగ్టన్‌ డీసీ నుంచి ఐ-66 రహదారి మీద పడమరకు బయల్దేరితే గంటంబావులో ఫ్రంట్‌ రాయల్‌ వస్తుంది. చిన్న ఊరు. షెనాండోవా నేషనల్‌ పార్కుకు ఉత్తర ద్వారం అదే. అక్కడ ప్రవేశ టికెట్టు కొనుక్కుని లోపలికెళ్లాలి (రెండో రకం టికెట్టు సంగతి తర్వాత!). ఆ గేటు దగ్గర మొదలయ్యే స్కైలైన్‌ డ్రైవ్‌ బ్లూరిడ్జ్‌ కొండల నడినెత్తిన 105 మైళ్లు సాగుతుంది. ఓ పక్క లోయ, ఇంకో పక్క అడవి. ఒక మలుపులో జింక, అదృష్టం బాగుంటే మరో మలుపులో నల్ల ఎలుగు. అక్టోబరులో ఆకులన్నీ పసుపూ ఎరుపూ నారింజా రంగుల్లోకి తిరిగినప్పుడైతే కార్లు బారులు తీరతాయి. టాపు దించిన మియాటాలు, మస్టాంగ్‌లు, కార్వెట్లు, పోర్షేలు... చూడ్డానికి రెండు కళ్లూ చాలవు.

అన్నీ కలిసి పోయేది మాత్రం గంటకు 35 మైళ్లే. అంటే 56 కిలోమీటర్లు! ఆ దారికి అదే పరిమితి. మూడు సెకన్లలో అరవై మైళ్ల వేగం అందుకోగల కార్వెట్టు ఎడ్లబండి వెనకాల నడిచినట్టు నడుస్తుంది. కాదని తొక్కితే ఎదురయ్యేది పార్కు రేంజరు. పార్కు కేంద్ర ప్రభుత్వానిది కాబట్టి ఆ కేసు ఫెడరల్‌ కోర్టుకు వెళ్తుంది. జింక కోసమో రేంజరు కోసమో, మొత్తానికి కొండ మీద అందరూ బుద్ధిగానే ఉంటారు.

అసలు పరీక్ష కొండ దిగాకే. థార్న్‌టన్‌ గ్యాప్‌ దగ్గర పార్కు వదిలి తూర్పుకు తిరిగితే 211వ నంబరు రోడ్డు. నాలుగు మలుపులు దిగి స్పెరీవిల్‌ దాటేసరికి దారి ఒక్కసారిగా విశాలమవుతుంది. రానూ పోనూ వేర్వేరు వరసలు, మధ్యలో గడ్డి, అటూ ఇటూ పచ్చిక బయళ్లు, మేస్తున్న పశువులు. అప్పటిదాకా 35కి కట్టేసిన గుర్రానికి పగ్గం వదిలినట్టే! పరిమితి 55 అని బోర్డు చెబుతున్నా బండి వినదు. ఇది రాపహానక్‌ కౌంటీ. దీని కేంద్రం పేరు కూడా వాషింగ్టనే. 2020 లెక్కల్లో ఆ ఊరి జనాభా అక్షరాలా 86. అంత చిన్న ఊళ్లోనూ కోర్టు ఉంది. ఆ కోర్టు పేరు ఊరికంటే దూరం పాకింది.

కారణం ఓ మోటార్‌ విలేకరి. నడిపి చూసి సమీక్ష రాయడానికి కంపెనీ ఇచ్చిన షెవ్రొలే కెమారో జెడ్‌ఎల్‌1లో ఈ కౌంటీ గుండా వెళ్తూ 55 ఉన్నచోట 93 మైళ్ల వేగంతో దొరికిపోయాడు. ప్రమాదమేమీ జరగలేదు. అయినా మూడు రోజులు జైల్లో గడిపాడు. 2014లో ఆ అనుభవాన్ని రాస్తే అమెరికాలోని కార్ల పిచ్చోళ్లంతా చదివారు. 'వర్జీనియాలో జాగ్రత్త' అన్నది అప్పట్నుంచీ వాళ్లకో ఊతపదమైపోయింది.

నంబరు దాటితే నేరం

అమెరికాలో చలానాను టికెట్టు అంటారు. చాలా రాష్ట్రాల్లో ఆన్‌లైన్లో డబ్బు కట్టేస్తే పని అయిపోతుంది. వర్జీనియా చట్టంలో మాత్రం 46.2-862 అనే సెక్షను ఒకటుంది. పరిమితి కంటే 20 మైళ్లు ఎక్కువ వెళ్లినా, పరిమితి ఎంతున్నా సరే 85 మైళ్లు దాటినా అది 'నిర్లక్ష్యపు డ్రైవింగ్‌'. 2020 జులై 1కి ముందైతే గీత 80 దగ్గరే ఉండేది. ఇది ట్రాఫిక్‌ ఉల్లంఘన కాదు... క్రిమినల్‌ నేరం. పేరు క్లాస్‌-1 మిస్‌డిమీనర్‌. గరిష్ఠ శిక్ష 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా. లైసెన్సును ఆర్నెల్ల దాకా పక్కన పెట్టించొచ్చు. డ్రైవింగ్‌ రికార్డులో ఆ మచ్చ 11 ఏళ్లుంటుంది.

లెక్క చూస్తే ఓ విచిత్రం కనబడుతుంది. 55 ఉన్న చోట 74లో వెళ్తే, అంటే 19 మైళ్లు ఎక్కువైతే, మామూలు టికెట్టే. 70 ఉన్న హైవే మీద 86లో వెళ్తే, అంటే 16 ఎక్కువైతే, నేరం! పల్లె దారిలో పంతొమ్మిది ఎక్కువే ప్రమాదమని ఎవరికైనా తోస్తుంది. కానీ చట్టానికి నంబరు ముఖ్యం.

స్పోర్ట్స్‌ కారు చిక్కంతా అక్కడే. పాత డొక్కు కారులో ఎనభై దాటితే స్టీరింగు వణుకుతుంది, అద్దాలు చప్పుడు చేస్తాయి. బండే హెచ్చరిస్తుంది. పోర్షేలోనో కార్వెట్టులోనో ఎనభైకీ తొంభైకీ తేడా చెవికి తెలియదు. ముందున్న లారీని దాటడానికి ఒక్క అదుము... అంతే, గీత అటువైపు! ఆ రెండు సెకన్లే రాడార్‌కు చిక్కితే చెప్పుకోవడానికేం ఉండదు. పోనీ రాడార్‌ డిటెక్టర్‌ పెట్టుకుందామా అంటే, మామూలు కార్లలో దాన్ని వాడకూడదన్న రాష్ట్రం అమెరికా మొత్తమ్మీద వర్జీనియా ఒక్కటే.

డబ్బుంటే బయటపడొచ్చనుకుంటే పొరపాటే. జేసన్‌ వెర్త్‌ వాషింగ్టన్‌ నేషనల్స్‌ జట్టు బేస్‌బాల్‌ తార. ఏడేళ్లకు 12.6 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. 2014 జులైలో రాజధాని చుట్టూ తిరిగే బెల్ట్‌వే మీద తన పోర్షే జీటీ3 ఆర్‌ఎస్‌ను 105 మైళ్ల వేగంతో తోలాడు. అక్కడి పరిమితి 55. అదే ఏడాది డిసెంబరులో ఫెయిర్‌ఫాక్స్‌ కోర్టు జడ్జి పది రోజుల జైలు శిక్ష వేశారు. తొంభై దాటిన ప్రతి మైలుకూ ఒక రోజు అని అక్కడి లాయర్లు చెప్పుకొనే లెక్క ఒకటుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు, అన్ని కోర్టుల్లోనూ నడవదు. అయినా తొంభై పైన దొరికినవాడు ముందు వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేది దాన్నే.

దిగొద్దు... కదలొద్దు

వర్జీనియాలో మన తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఆష్‌బర్న్‌, హెర్న్‌డన్‌, షాంటిలీ... డీసీకి పడమటి శివార్లలో సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగాలున్న చోటల్లా కనిపిస్తారు. ఎమ్మెస్‌ అప్పు తీరాక కుర్రాళ్లు మొదట మోజుపడేది ఓ మస్టాంగ్‌ మీదే. సెకండ్‌హ్యాండ్‌దైనా సరే! ఇక న్యూజెర్సీ నుంచి షార్లెట్‌కో అట్లాంటాకో కారులో పోయేవాళ్లకు ఐ-95 మీద ఈ రాష్ట్రం దాటక తప్పదు. రిచ్‌మండ్‌ రద్దీ తప్పించుకుందామని ఐ-295 ఎక్కితే హోప్‌వెల్‌ దగ్గర రెండు మైళ్లు కూడా లేని ముక్క ఒకటి వస్తుంది. టికెట్ల ఆదాయం పుణ్యమా అని దానికి 'మిలియన్‌ డాలర్‌ మైలు' అని పేరు పడింది.

అద్దంలో నీలం దీపాలు కనబడగానే మనవాళ్లకు పుట్టు అలవాటొకటి బయటకొస్తుంది. కారు పక్కకు ఆపి, తలుపు తీసి, కాగితాలు పట్టుకుని పోలీసు దగ్గరికి నడిచిపోవడం. ఇక్కడ అది మర్యాద. అక్కడ ప్రమాదం! కూర్చున్నచోటే కూర్చుని రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచాలి. అడిగాకే లైసెన్సు తీయాలి. 'ఎంత వేగంతో వెళ్తున్నారో తెలుసా?' అని పోలీసు అడుగుతాడు. 'ఎనభై అయిదో, తొంభయ్యో' అని నిజాయతీగా చెప్పిన జవాబు కోర్టులో సాక్ష్యమవుతుంది. మర్యాదగా ఉంటూనే అంకె చెప్పకుండా ఊరుకోవచ్చు, ఆ హక్కుంది. పర్సు తీసి 'ఇక్కడే తేల్చేద్దాం సార్‌' అంటే మాత్రం ఇంకో నేరం మీద పడుతుంది, మొదటిదానికన్నా పెద్దది.

పోలీసు ఇచ్చే కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయపడి మొండికేసేవాళ్లుంటారు. ఆ సంతకానికి అర్థం 'ఫలానా రోజు కోర్టుకొస్తాను' అని మాత్రమే.  అప్పటికప్పుడు డబ్బు కట్టేసి వదిలించుకునే వీలు ఈ కేసుకు లేదు. న్యూజెర్సీలో ఉన్నా, నార్త్‌ కరోలినాలో ఉన్నా తేదీకి కోర్టులో ఎవరో ఒకరు నిలబడాలి. తానో, లాయరో.

పోస్టు డబ్బా నిండా లాయర్లు

టికెట్టు పడిన వారంలో ఇంటికి ఉత్తరాలు మొదలవుతాయి. ఒకటి కాదు, రెండు కాదు... పదో పదిహేనో! అన్నీ లాయర్ల దగ్గర్నుంచే. కోర్టు కేసుల జాబితాను ఎవరైనా చూడొచ్చు కాబట్టి పేరూ చిరునామా పట్టుకుని రాసేస్తారు. భార్యకు తెలియకుండా గుట్టుగా తేల్చేద్దామనుకున్న పెద్దమనుషుల పథకాలన్నీ పోస్టు డబ్బా దగ్గరే బోర్లాపడతాయి.

లాయరు మొదట అడిగేది కారు గురించి కాదు, వీసా గురించి. అమెరికా వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అనే ప్రశ్న ఉంటుంది. మామూలు స్పీడింగ్‌ టికెట్టు వేరు, నేరంగా నమోదైన శిక్ష వేరు. వేగంగా వెళ్లినందుకే దేశం నుంచి పంపించేయరు. కానీ ఆ గళ్లో 'అవును' అని రాయాల్సివస్తే వివరణలు, కోర్టు కాగితాలు, కాన్సులేట్‌ దగ్గర ఎదురుచూపులు. ఉద్యోగం మారినప్పుడు కంపెనీ చేసే తనిఖీలోనూ అది బయటపడుతుంది. అమ్మానాన్నలను చూడ్డానికి హైదరాబాద్‌ వచ్చి, స్టాంపింగ్‌ తేదీ కోసం కాచుకుని కూర్చున్న కుర్రాడికి ఆ రెండు సెకన్ల ఖరీదేంటో బాగా తెలుస్తుంది.

కోర్టు పేరు జనరల్‌ డిస్ట్రిక్ట్‌ కోర్ట్‌. జ్యూరీ ఉండదు, జడ్జి ఒక్కరే. పొద్దున్నే బెంచీలు నిండిపోతాయి. పేరు పిలుస్తారు. పోలీసు ప్రమాణం చేసి ఎక్కడ, ఎంత వేగం, ఏ రాడార్‌ అన్నది చెబుతాడు. ఆ రాడార్‌ సరిగా పనిచేస్తోందని ఆర్నెల్లలోపు పరీక్షించిన ధ్రువపత్రం ఉండాలి. అది లేకపోతే కేసు బలం తగ్గుతుంది. కాబట్టి లాయర్లు ముందు తేదీ చూస్తారు.

ఇక కారు వైపు నుంచి ఉన్న ఆయుధం స్పీడోమీటర్‌. గ్యారేజీలో పరీక్ష చేయించి, ముల్లు నిజం కంటే తక్కువ చూపిస్తోందని ధ్రువపత్రం తెస్తే జడ్జి దాన్ని లెక్కలోకి తీసుకోవాలని చట్టమే చెబుతోంది. అందంకోసం చక్రాలు మార్చుకునే స్పోర్ట్స్‌ కారువాళ్లకు ఇది ఒక్కోసారి నిజంగానే పనికొస్తుంది. టైరు చుట్టుకొలత పెరిగితే ముల్లు తక్కువ చూపిస్తుంది మరి! విచారణకు ముందే ఎనిమిది గంటల డ్రైవింగ్‌ క్లాసుకు వెళ్లొచ్చి ఆ సర్టిఫికెట్‌ చూపించడం ఇంకో దారి. రికార్డు శుభ్రంగా ఉండి, తప్పు చిన్నదని జడ్జికి అనిపిస్తే 'అనుచిత డ్రైవింగ్‌'గా తగ్గించొచ్చు. అది నేరం కాదు. జరిమానా 500 డాలర్లకు మించదు. వీసా ఉన్నవాళ్లు దేవుడికి మొక్కుకునేది ఈ ఒక్క మాట కోసమే.

పనికిరాని వాదన కూడా ఒకటుంది. 'ఈ కారు ఇంతకు రెట్టింపు వేగానికి తయారుచేసింది సార్‌, బ్రేకులు బ్రహ్మాండంగా పడతాయి!' ఇంజినీరింగ్‌ ప్రకారం నిజమే కావచ్చు. కానీ అరవై మైళ్ల దగ్గరే సెకనుకు 88 అడుగులు దూసుకుపోయే బండికి అడ్డమొచ్చే జింకకు బ్రేకుల కంపెనీ పేరు తెలియదు. పైగా అది పోలీసు చెప్పిన అంకెను స్వయంగా ఒప్పుకోవడమే. తీర్పు నచ్చకపోతే పది రోజుల్లో సర్క్యూట్‌ కోర్టుకు వెళ్లొచ్చు. అక్కడ విచారణ మళ్లీ మొదట్నుంచీ. లాయరు ఫీజు కూడా! శిక్ష ధనికుడికీ పేదకూ ఒక్కటే అంటారు గానీ, లాయరును పెట్టుకోగలవాడికీ బెంచీ మీద ఒంటరిగా వణికేవాడికీ తేడా కళ్లకు కనబడుతూనే ఉంటుంది.

ప్రభుత్వం కూడా ఓసారి అతికి పోయి చేయి కాల్చుకుంది. 2007 జులై నుంచి ఈ తప్పు చేసినవాళ్లు మామూలు జరిమానా మీద మరో 1,050 డాలర్లు కట్టాలంది. అదీ వర్జీనియావాసులు మాత్రమే, పొరుగు రాష్ట్రాలవాళ్లు అక్కర్లేదు! సొంత జనం గగ్గోలు పెడితే మరుసటి ఏడాదే రద్దు చేసి డబ్బు వాపసిచ్చింది. 2025లో చేసిన మరో చట్టం మాత్రం కాస్త తెలివైంది. వంద మైళ్లు దాటి శిక్ష పడినవాళ్ల కార్లకు, పరిమితి దాటనివ్వని పరికరం బిగించమని జడ్జి ఆదేశించొచ్చు. 2026 జులై 1 నుంచి అమలుకు తేదీ పెట్టారు.

తొక్కాలంటే చోటుంది

మరి కోట్లు పోసి కొన్న కారును పూర్తిగా తొక్కాలనుంటే? రాష్ట్రం దక్షిణపు అంచున, డాన్‌విల్‌ దగ్గర ఆల్టన్‌ అనే పల్లె ఉంది. అక్కడే వర్జీనియా ఇంటర్నేషనల్‌ రేస్‌వే. 1957లో మొదలై, 1974లో మూతపడి, 2000లో మళ్లీ తెరుచుకుంది. ప్రధాన ట్రాక్‌ చుట్టు 3.27 మైళ్లు. పాత పొలాల మధ్య, చెట్ల నీడల్లోంచి ఎత్తుపల్లాలుగా తిరుగుతుంది. వారాంతాల్లో క్లబ్బులు ఇక్కడ ట్రాక్‌ రోజులు పెడతాయి. రుసుము కట్టి, హెల్మెట్‌ పెట్టుకుని, పక్క సీట్లో శిక్షకుణ్ని కూర్చోబెట్టుకుని ఎవరి కారును వాళ్లు నడుపుకోవచ్చు. 85 అక్కడ మలుపు దగ్గరి వేగం. రాడార్‌ ఉండదు. మొదటిసారి వెళ్లినవాళ్లకు తమ కారు గురించి కంటే తమ చేతకానితనం గురించే ఎక్కువ తెలుస్తుందని శిక్షకులు నవ్వుతారు.

దక్షిణం నుంచి వచ్చేవాళ్లు నార్త్‌ కరోలినా సరిహద్దు దాటేముందు ఓ పని చేస్తారు. పక్కకు ఆపి, అద్దానికున్న డిటెక్టర్‌ వైరు పీకేసి డిక్కీలో పెట్టేస్తారు. కరెంటు లేకుండా, చేతికి అందకుండా ఉంటే తప్పు కాదు. సాయంత్రం ట్రాక్‌ గేటు దాటి, బ్రేకులు ఇంకా వేడి తగ్గకముందే పల్లె రోడ్డెక్కిన కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా వెళ్తాయి... యాభై అయిదులో!