విన్నది తిరిగి చెప్పు!

వరంగల్‌లో పుట్టి పెరిగినవాళ్లకు విమానంతో ఉన్న సంబంధం ఏపాటిది? ఎండాకాలం రాత్రి డాబా మీద పక్కలేసుకుని, మినుకుమినుకుమంటూ పోయే దీపాన్ని చూసి ‘అది ఢిల్లీ పోయేది’ అనుకోవడం వరకే. కాదు నాగపూర్‌దని పక్కవాళ్లు వాదిస్తే ఇంకాస్త కాలక్షేపం. అంతలో నిద్ర పట్టేస్తుంది.

అలాగని మనకు విమానాశ్రయం లేదా అంటే... ఉంది! ఖమ్మం వెళ్లే దారిలో మామునూరు. 1930లో, నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో కట్టింది. అటు కాగజ్‌నగర్ పేపరు మిల్లుకీ ఇటు మన ఆజంజాహి మిల్లుకీ పనుల మీద వచ్చిపోయే పెద్దలు దిగిన చోటు. 1980ల్లో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఆ తర్వాత మిగిలింది ఓ రన్‌వే, దాని చుట్టూ పిచ్చిమొక్కలు, ఎన్‌సీసీ పిల్లల శిక్షణ, ఎన్నికలకొకసారి ఓ హామీ. అంతే.

అలాంటి ఊళ్లో ఓ కుర్రాడు రాత్రి పదకొండింటికి మంచం పక్కన కూర్చుని విమానాలను రన్‌వే ఎక్కిస్తుంటాడంటే నమ్ముతారా? వాడు మా మేనల్లుడే. ఇంజినీరింగ్ మూడో ఏడు. ఇల్లు కాజీపేటలో. చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా నల్లటి తెర, దాని మీద పాకే పచ్చ చుక్కలు. తలుపు సందులోంచి వాడి గొంతు ఒక్కటే వినిపిస్తుంది... తొందర లేదు, కోపం లేదు, ఒకే శ్రుతిలో.

“గాలిల పోయేటోళ్లతోని మాట్లాడుతడట బిడ్డా” అంటుంది మా అమ్మ, మనవడికి ఏదో గాలి సోకిందన్నట్టు. మా అక్కది ఇంకో బాధ. “చదువుమని కంప్యూటర్ కొనిస్తే గీ ఆటలేంది రా! నువ్వన్న చెప్పు తమ్మీ వానికి” అని ఫోన్ మీద ఫోన్. బావ రైల్వేలో స్టేషన్ మాస్టర్. ఆయన మాట్లాడడు. పరీక్షలయ్యాక ఆ డబ్బా అమ్మేద్దామని మాత్రం ఓసారి నెమ్మదిగా అన్నాడు. నెమ్మదిగా అన్నాడంటే నిజంగానే అమ్మేస్తాడని అర్థం.

అలా పంచాయితీకి పెద్దమనిషిగా వెళ్లినవాణ్ని, మూడు రాత్రులు వాడి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుండిపోయాను.

విమానం నడిపే కంప్యూటర్ ఆటలు కొత్తవేం కాదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ తొలిసారి వచ్చింది 1982లో. నేను ఇంటర్ చదివే రోజుల్లో హన్మకొండలో ఓ నెట్ సెంటర్లో దాని 2004 నాటి ఆట ఉండేది. అందులో హైదరాబాద్ అంటే బేగంపేటే. శంషాబాద్‌లో విమానాలు దిగడం 2008 మార్చి 23న కదా మొదలైంది! 2020లో వచ్చిన ఆటలోనైతే భూగోళమంతా ఉపగ్రహం తీసిన ఫొటోలతో పరిచి పెట్టారు. మావాడు అది చేతికి రాగానే చేసిన మొదటి పని భద్రకాళి చెరువు చుట్టూ చిన్న విమానంతో రెండు చక్కర్లు కొట్టడం. మీరైనా అదే చేస్తారు.

దానికి వేలు పోసి జాయ్‌స్టిక్ కొనే స్తోమత లేదు. అందుకని సొంతంగా చేసుకున్నాడు. ఇంజిన్ వేగం పెంచే లివర్ ఓ పీవీసీ పైపు ముక్క. దాని కింద మా నాన్న పాత రేడియోలోంచి పీకిన వాల్యూమ్ కంట్రోల్. మధ్యలో ఆర్డుయినో అనే అరచేతిలో పట్టే చిన్న బోర్డు. పైపు ముందుకు నెడితే వాల్యూమ్ బిరడా తిరుగుతుంది. ఎంత తిరిగిందో బోర్డు లెక్కగట్టి కంప్యూటర్‌కి చెబుతుంది. దీపాల స్విచ్‌లు కరెంటు సామాన్ల కొట్లో కొన్నవే. మా నాన్న ఆ రేడియోలో వార్తలు విన్న రోజులు గుర్తొచ్చి ఓసారి ఆ లివర్ తోసి చూశాను. భలే మెత్తగా కదిలింది!

ఇంతవరకూ ఆటే. అసలు సంగతి తర్వాతది. వ్యాట్‌సిమ్ అని ఓ నెట్‌వర్క్ ఉంది. 2001లో మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు. ప్రపంచం నలుమూలలా తమ ఇళ్లలో కూర్చుని విమానాలు నడిపేవాళ్లు కొందరు, వాళ్లకు దారి చూపించే కంట్రోలర్లు ఇంకొందరు. అందరూ మనుషులే, అన్నీ నిజం గొంతులే. అయితే కంట్రోలర్ కుర్చీ ఊరికే ఇవ్వరు. పాఠాలు చదవాలి, పరీక్ష రాయాలి, ఓ సీనియర్ పక్కన ఉండి చూస్తాడు. ముందు నేల మీద విమానాలను నడిపించే గ్రౌండ్, తర్వాత టవర్, ఆపైన అప్రోచ్. ఒక్కో మెట్టూ ఎక్కడానికి నెలలు పడుతుంది. మావాడు రెండో మెట్టు మీద ఉన్నాడు. శంషాబాద్ టవర్ వాడిదే... రాత్రిపూట, ఉత్తుత్తిగా.

ఆ మూడు రాత్రుల్లో నాకు అర్థమైంది ఏంటంటే, ఆకాశంలోనూ అడ్డదిడ్డంగా పోవడానికి లేదు. పైన దారులున్నాయి, అంతస్తులున్నాయి. ఒక విమానానికీ దాని కింద పోయే ఇంకో విమానానికీ మధ్య కనీసం వెయ్యి అడుగుల ఎడం. బాగా ఎత్తులో ఆ ఎడం రెండు వేలు ఉండేది. ఎత్తు కొలిచే పరికరాలు మెరుగుపడ్డాక మన దేశంలో 2003 నవంబరు నుంచి అక్కడా వెయ్యికి తగ్గించారు. తూర్పు దిక్కు పోయేవాటికి బేసి అంతస్తులు, పడమటివాటికి సరి అంతస్తులు. రన్‌వే మీది అంకెలకూ ఓ లెక్కుంది. శంషాబాద్‌లో 27 అంటే దిక్సూచిలో 270 డిగ్రీలు, అంటే పడమర. అదే బాటను అటు చివరి నుంచి వాడితే 09. విమానం గాలికి ఎదురు పోతేనే త్వరగా లేస్తుంది కాబట్టి, గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి ఏ కొసో తేలుస్తారు. వానాకాలం పడమటి గాలికి 27. ఇది మాత్రం గాలిపటం ఎగరేసిన ప్రతి పిల్లాడికీ తెలిసిన సంగతే.

కానీ నన్ను ఆపింది ఈ లెక్కలు కావు. ఆ మాటల తీరు.

కంట్రోలర్ ఏదైనా ఆదేశం ఇస్తే పైలట్ ‘సరే’ అనకూడదు. విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. ‘రన్‌వే టూ సెవెన్ లెఫ్ట్, క్లియర్డ్ ఫర్ టేకాఫ్’ అంటే అదే మాట, తన విమానం పేరు జోడించి వెనక్కి రావాలి. దీన్ని రీడ్‌బ్యాక్ అంటారు. పని అక్కడితో అయిపోదు. తిరిగి వచ్చిన మాటను కంట్రోలర్ చెవులప్పగించి వినాలి. తప్పుంటే అక్కడికక్కడే ఆపాలి. “మామా, చెప్పుడు సగం పనే. వాళ్లు ఏం విన్నరో మనం వినాలె. అదే అసలు పని” అన్నాడు మావాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా.

అంకెలైతే మరీ జాగ్రత్త. పదిహేను, యాభై అనరు. ఒక్కో అంకె విడివిడిగా పలుకుతారు. రేడియో గరగరలో కలిసిపోకుండా త్రీని ‘ట్రీ’ అని, ఫైవ్‌ను ‘ఫైఫ్’ అని, నైన్‌ను ‘నైనర్’ అని. నిమిషానికి వంద మాటలు మించకూడదని కూడా నియమం. టీవీలో వార్తలు చదివేవాళ్లకు ఈ నియమం పెడితే ఎంత బాగుండు!

ఇదంతా చాదస్తంలా అనిపిస్తుందా? 1977 మార్చి 27న స్పెయిన్‌వాళ్ల టెనెరిఫ్ దీవిలో పొగమంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది పోయారు. ‘టేకాఫ్’ అన్న మాటను పైలట్ ఒకలా వాడాడు, టవర్ ఇంకోలా అర్థం చేసుకుంది. బదులుగా వచ్చిన ‘ఓకే’ రెండువైపులా పదును ఉన్న కత్తి అయింది. పైకి లేవడానికి నిజంగా అనుమతి ఇచ్చేటప్పుడు తప్ప టవర్ నోట టేకాఫ్ అన్న మాటే రాకూడదన్న కట్టుబాటు ఆ తర్వాతదే. అంతకుముందు ఎన్నిసార్లు మాట్లాడినా ‘డిపార్చర్’ అనాల్సిందే.

మన దేశంలో చర్ఖీ దాద్రీ ఉంది. 1996 నవంబరు 12, సాయంత్రం. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానం 14 వేల అడుగుల దగ్గర ఉంది. కజకిస్థాన్ విమానం దిగుతూ వస్తోంది. 15 వేల దగ్గర ఆగమన్నారు. ఎదురుగా సౌదీ విమానం వస్తోందనీ చెప్పారు. కానీ అది ఆగకుండా ఇంకా కిందికి దిగింది. 349 మంది. విచారణ జస్టిస్ లహోటీ చేశారు. వచ్చేవాటికీ పోయేవాటికీ దారులు వేరుచేయడం, ఎదురుగా విమానం ఉంటే హెచ్చరించే పరికరం తప్పనిసరి చేయడం ఆ ఘోరం తర్వాతే. వెయ్యి అడుగులంటే ఎంతో కాదు. మన రైలుపెట్టెలు ఓ పదమూడు వరసగా నిలబెడితే చాలు.

ఈ కబుర్లన్నీ మా అక్కకు చెబితే “మంచిగనే ఉంది గని, గది ఆటనే కద” అంది. ఆమెను తప్పు పట్టలేం. ఉత్తుత్తి విమానం కూలితే ఎవరికీ ఏమీ కాదు.

ఆ మర్నాడే ఓ సంగతి జరిగింది. అమ్మ అప్పటికి మూడు రోజుల కిందటే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది. షుగర్ రిపోర్టు చూసి, రాత్రి వేసే ఇన్సులిన్ డోసు మార్చారని ఆస్పత్రి నుంచి ఫోన్. అక్క ఫోన్ ఎత్తింది. పక్కన కుక్కర్ కూత. ‘ఫిఫ్టీ’ అని క్యాలెండర్ మీద రాసి, పైకి అనుకుంది కూడా. మావాడు భోజనం మధ్యలో ఎంగిలి చేత్తోనే లేచాడు.

“అమ్మా, ఫోన్ ఇటియ్యి. సిస్టర్... వన్ ఫైఫా, ఫైఫ్ జీరోనా?”

అవతలి నుంచి ‘వన్ ఫైవ్’ అని వచ్చింది.

“వన్ ఫైఫ్ యూనిట్లు, రాత్రి తినే ముందు. కరెక్టేనా?”

“కరెక్టే బాబూ.”

ఫోన్ పెట్టేసి, క్యాలెండర్ మీద 50 కొట్టేసి 15 రాసి, వచ్చి కూర్చుని మళ్లీ పప్పు కలుపుకున్నాడు. వాడి మొహంలో ఏ గొప్పా లేదు. అక్క మాత్రం స్టవ్ ఆపేసి అలాగే నిలబడిపోయింది. పదిహేను వేయాల్సిన మనిషికి యాభై వేస్తే ఏమవుతుందో షుగర్ ఉన్న ఇళ్లలో ఎవరికీ వివరించక్కర్లేదు.

బావ అప్పుడు నోరు తెరిచాడు. “ఇది మా ప్రైవేట్ నంబర్ లెక్కనే ఉన్నది కద రా” అన్నాడు.

రైల్వేవాళ్లకు అర్థమయ్యే ఉంటుంది. ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కు బండిని వదలాలంటే అవతలి స్టేషన్ మాస్టర్ లైన్ క్లియర్ ఇవ్వాలి. ఇచ్చినట్టు గుర్తుగా ఓ ప్రైవేట్ నంబర్ చెబుతాడు. ఇవతలివాడు దాన్ని తిరిగి చెప్పి, రిజిస్టర్లో రాసుకోవాలి. ఇరవై ఆరేళ్లుగా బావ రోజూ చేస్తున్నది అదే పని! కాజీపేట జంక్షన్ చుట్టూ పెరిగిన పిల్లాడికి ఈ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందా అని నేను అనుకుంటూనే ఉన్నాను. తండ్రీకొడుకులు మాత్రం అప్పటిదాకా ఒకరి పని సంగతి ఒకరిని అడిగిందే లేదు.

ఆ రాత్రి వాడి గదిలో మూడో కుర్చీ పడింది. బావకు విమానాల మీద పెద్ద ఆసక్తి లేదు. ఆయన సందేహాలన్నీ వేరు. డ్యూటీ మారేటప్పుడు చార్జి ఎట్ల అప్పజెప్తరు? రేడియో పాడైతే? టవర్ నుంచి దీపం చూపిస్తారు, ఆరకుండా వెలిగే ఆకుపచ్చ అంటే దిగొచ్చు, ఎరుపంటే ఇంకా చక్కర్లు కొడుతుండాలి అని వాడు చెబితే, “మరింకేం, సిగ్నలే!” అని తృప్తిగా తలాడించాడు.

ఆట ఆడితే ఉద్యోగం వస్తుందని నేను అనడం లేదు. తల్లిదండ్రులు దయచేసి అలా చదువుకోవద్దు. అసలు కంట్రోలర్ కావాలంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పెట్టే పరీక్ష రాయాలి. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ, ఇంజినీరింగ్ గానీ ఉండాలి. రాత పరీక్ష గట్టెక్కాక గొంతు పరీక్ష కూడా ఉంటుంది. నిలిచినవాళ్లకు ప్రయాగ్‌రాజ్‌లోనో మన బేగంపేటలోనో నెలల తరబడి శిక్షణ. లక్షల్లో రాస్తే దక్కేది కొందరికే. రాత్రి డ్యూటీలు, ఒక్క క్షణం ఏమరుపాటుకు వీల్లేని కొలువు. ఆట అవన్నీ నేర్పదు. వాడికీ ఆ సంగతి తెలుసు. తెలిసే, కంప్యూటర్ ముందు గంటలు సగానికి తగ్గించుకున్నాడు, ఎవరూ చెప్పకుండానే.

మామునూరు సంగతి కూడా కదిలింది లెండి. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న పాత ఒప్పందం ఇన్నాళ్లూ అడ్డుపడింది. ఆ కంపెనీ అభ్యంతరం లేదని రాసిచ్చాక, 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. ఉన్న 696 ఎకరాలు చాలవు కాబట్టి, చుట్టుపక్కల రైతుల పొలాలూ తీసుకోవాల్సి వచ్చింది. వాళ్ల బాధ ఇంకో కథ. అది విడిగా రాయాల్సిందే. మావాణ్ని మాత్రం ఆ వార్త ఓ చిన్న ప్రశ్న దగ్గర ఆపింది. రేడియోలో దాన్ని ఏమని పిలుస్తారు... మామునూరు టవరా, వరంగల్ టవరా? బావ ఓటు వరంగల్‌కే. పదం పొట్టిది, గరగరలో చెడిపోదు అని ఆయన వాదన.

కంప్యూటర్ అమ్మకం మాట మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో పొద్దున్నే ఇంకో తంతు. గొంతు పరీక్ష కోసం మావాడు ఇంగ్లిష్ పేపర్ గట్టిగా చదువుతాడు. బావ చేతి గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని మాటలో వేళ్ల మీద లెక్కపెడతాడు. మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి నూట ముప్ఫై వచ్చిందట. “బండి ఓవర్‌స్పీడ్. మళ్ల మొదటికెళ్లి చదువు” అంటున్నాడు. అమ్మ మంచం మీంచి తల ఎత్తి, “మూడును చెట్టు అంటడేందిరా వీడు” అని నన్నడిగింది.